అంచనా రీడింగు

మూడో అంతస్తు. రెండు గదులు, సందులాంటి వంటిల్లు,
కిటికీ మూలన చిటికెడు టే నది.
ఏజెంటు కుర్రాడు తాళంచెవి తిప్పుతూ
"కరెంటూ గ్యాసూ కలిపి
నెలకో యాభై పౌండ్లు వేసుకోండి" అన్నాడు,
ఊరి పులుసులో ఉప్పు వేసినంత తేలిగ్గా.

వేసుకున్నాను.
బేకరీ రసీదు వెనక
అద్దె, బస్సు, ఫోను, పాలు,
వాటి కింద ఆ యాభై,
దాని కింద గీత.
గీత కింద పదకొండు పౌండ్లు మిగిలాయి.
డండీ ఊళ్ళో ఆ అక్టోబరు సాయంత్రం
నా అంత కలిగినది లేదు.

మొదటి బిల్లు ముప్పై ఎనిమిది.
యాభై కూడా కాలేదు!
రాత్రంతా రొట్టెల పొయ్యి ముందు నిలబడేదాన్ని,
పగలు చల్లటి గదిలో నిద్ర ఎలా పడుతుంది?
రేడియేటర్ల చెవులు చివరిదాకా మెలిపెట్టాను.
తొట్టినిండా వేడినీళ్ళు పట్టుకుని
వేళ్ళు ఎండుద్రాక్షలయ్యేదాకా నానాను.

రెండో బిల్లు ముప్పై ఆరు.

కింది వాటాలో నెట్టా.
జూట్ మిల్లు మోతకి చెవులు పోగొట్టుకున్న తల్లి పెంచిన మనిషి,
గుసగుస కూడా వీధి చివరికి వినబడుతుంది.
మెట్ల మీద నన్నాపి, బిల్లు ముక్కుకి ఆనించుకుని,
"ఓసి పిచ్చిదానా, ఇది నీది కాదే.
అంకె పక్కన ఆ బుల్లి అక్షరం చూశావా?
మీటరు ఎవరూ చూడలేదని గుర్తు.
పోయినేడు ఇదే నెల ఆ ఇంట్లో ఎంత కాలిందో
అంతే వేసి పంపారు.
పోయినేడు అక్కడున్నది వెడర్‌బర్న్."

కోటు విప్పేవాడు కాదట.
కెటిల్లో నీళ్ళు కప్పుతో కొలిచి పోసేవాడట.
దీపం వెయ్యకుండా
వీధిలైటు పడేచోటికి కుర్చీ జరుపుకుని
పేపరు చదివేవాడట.
"ఫిబ్రవరిలో తీసుకెళ్ళారు.
న్యుమోనియా అన్నారు డాక్టర్లు.
పొదుపు అంటాను నేను."

కిటికీ దగ్గర తివాచీలో నాలుగు గుంటలు.
నేను రోజూ తొక్కుతూ తిరిగినవే.

ఏజెంటుది కాకిలెక్క సరే,
కంపెనీది చనిపోయినవాడి లెక్క.
రెండు నెలలుగా నేను కడుతున్నది
ఒక ముసలాయన చలికి.

మెట్ల కింద అలమరా. సాలెగూళ్ళు. ఫోను వెలుతురు.
అయిదు అంకెలు మణికట్టు మీద రాసుకున్నాను.
పిండి పిసుకుతుంటే చెరిగిపోయాయి.
మర్నాడు మళ్ళీ దిగి చూస్తే
అప్పటికే పెరిగి ఉన్నాయి.
నాలుగు రోజులు ఇదే తంతు.
చెప్పకపోతే ఎవరడుగుతారు?
కంపెనీ దృష్టిలో ఆయనింకా అక్కడే,
కోటు వేసుకుని కూర్చునే ఉన్నాడు.

అయిదో రోజు ఫోను చేశాను.
ఎందుకంటే చెప్పలేను.
అవతలి అమ్మాయి మర్యాదగానే అంది:
తేడా నూట తొంభై ఆరు,
నెలకి పద్నాలుగు చొప్పున పద్నాలుగు వాయిదాలు.
నా దగ్గరున్నది పదకొండు.

జనవరిలో ఒక సాయంత్రం
కోటు మీదే ఉంది, కప్పు చేతిలో ఉంది,
వెలుతురు కోసం కుర్చీ కొంచెం జరిపాను,
నాలుగు కాళ్ళూ నాలుగు గుంటల్లో
టక్కున కూర్చున్నాయి.

లేచాను. కుర్చీని గోడ దాకా ఈడ్చేశాను.

ఇప్పుడు సాయంత్రాలు నెట్టా ఇంట్లో.
అమ్ముడుపోని రొట్టెలు నావి, హీటరు ఆమెది,
అరుపులు ఇద్దరివీ.
ఆదివారం మాత్రం పైన, నా గదిలో,
ఒక గంట రేడియేటరు పూర్తిగా తిప్పి
కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తాను.
ఆ గంట నేను భరించగలిగింది కాదు, తెలుసు.
కానీ నా తర్వాత ఈ తాళంచెవి ఎవరికిస్తారో,
వాళ్ళ మొదటి చలికాలానికి
నా అంకెలే అంచనా.