నాలుగో చదరం

అమావాస్య పాటుకి నీరు బాగా లాగింది.
పర్ర మీదికి దిగాం, పదకొండు మంది ఆడవాళ్ళం,
వెనకాల పలకా పెన్సిలూ పట్టుకుని ఇరియా.
ఆ పిల్ల వీగోలో పెద్ద చదువు చదివింది.
బురదలో నడవడం మాత్రం మేమే నేర్పాం:
ముందు మడమ లేపు, వేళ్ళు తర్వాత,
లేదంటే సముద్రం నీ బూటుని వడ్డీ కింద జమకట్టుకుంటుంది.

ఇనప చట్రం. అర మీటరుకి అర మీటరు.
తాడు చెప్పిన చోట వెయ్యాలి, కన్ను చెప్పిన చోట కాదు.
ఈ నియమం మింగుడుపడడానికి నాకు మూడేళ్ళు పట్టింది.
గుల్లలెక్కడుంటాయో నా చేతులకి తెలుసు.
ఉన్నచోటే లెక్కపెడితే
ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది.

పోయిన చలికాలం వానలకి ఏరు తెగబడి
గలీసియా కొసన ఈ ఉప్పునీటి పాయంతా
పదిహేను రోజులు మంచినీళ్ళయింది.
మంచినీళ్ళే. చంపింది అవే.

మొదటి చదరం: పన్నెండు.
రెండు: తొమ్మిది.
మూడు: పదకొండు, అందులో రెండు ఉత్త చిప్పలు,
నోటినిండా బురద పెట్టుకుని బతికున్నట్టు నటించేవి.
నాలుగు: అరవై మూడు.

ఇరియా మోకాళ్ళ మీద కూలబడింది. జల్లెడ మళ్ళీ కడిగింది.
"అన్నీ పిల్లగుల్లలే! తేరుకుంటోంది హెర్మీతస్, పర్ర తేరుకుంటోంది!"
నడుములు నిటారయ్యాయి.
అయితే క్రిస్మస్‌కి తెరుస్తారన్నమాట, అన్నారెవరో.
ఎవరో అప్పుడే మనసులో ఇంటికప్పు బాగుచేయించేశారు.
ఓబ్దూలియా మాత్రం తన గోళ్ళకేసి చూసుకుంటోంది.

నేనూ.

మొన్న రాత్రి కాపలా వంతు నాది.
టార్చి ఆర్పేసి కూర్చుంటే ఇసుకని గీకుతున్న చప్పుడు.
ఆ చప్పుడు ఒక్కో మనిషిది ఒక్కోలా ఉంటుంది.
ముప్పై ఏళ్ళు పక్కపక్కన వంగినవాళ్ళం,
దగ్గు వినకముందే పోల్చుకున్నాను.
సగం బకెట్టు.
ఇత్తడి కొలత తీసి ఒక్కోటీ పెట్టి చూశాను,
వదులు ఉంగరంలోంచి వేలు జారినట్టు
అన్నీ జారిపోయాయి.
ఆమె ఏడవలేదు. "కరెంటు బిల్లు," అంది. అంతే.

కాగితం రాయాలి. రాయలేదు.
"పాతెయ్, ఇక్కడే. నోరు పైకుండాలి," అన్నాను.
ఇద్దరం వంగి, నారు నాటినట్టు,
పోటు చీలమండలకి తగిలేదాకా నాటాం.
ఆ చీకట్లో సర్వే తాడు గుర్తు నాకు కనబడలేదు.
కనబడి ఉంటే?
ఏమో.

ఇప్పుడు ఇరియా పెన్సిలు మొన నాలుకకి తడుపుకుంటోంది.
ఆ అరవై మూడొక్కటి చాలు
సగటుని ఎత్తి గట్టుమీద కూచోబెట్టడానికి.
పర్ర తెరుస్తారు. నెల తిరక్కుండా గీకేస్తాం.
మా అందరి ఆకలీ నాకు తెలుసు, నాది కూడా.

"నాలుగు కొట్టెయ్," అన్నాను.
"ఎందుకు?"
"అవి పుట్టినవి కావు. పెట్టినవి."

గాలికి పలక మీది కాగితం టపటపలాడింది.
"ఎవరు?" అని అడగబోయి ఇరియా నా మొహం చూసింది.
"కాపలా నాది. నా పేరు రాసుకో."
పదకొండు మందిలో ఒక్కరూ మాట్లాడలేదు.
క్రిస్మస్ మా బూట్లలోంచి మెల్లగా కారిపోయింది.

అప్పుడు ఓబ్దూలియా వచ్చి నా చేతిలోంచి చట్రం లాక్కుని
తాడు వెంబడి నడిచింది, ఐదో ముడి దాకా.
ఎటూ చూడకుండా పడేసింది.
చాలాసేపు తవ్వింది.
"ఏడు," అంది,
గట్టు మీదివాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా.
"ఏడే. రాసుకో."