పాదరసం

సముద్రం లేనిచోట దిగంతం దొరకదు.
అందుకే హార్‌గ్రోవ్ దొర
ఇనప సీసాలో దాన్ని వెంట తెచ్చుకున్నాడు.
రాత్రిళ్లు పళ్లెంలో వంచి,
గాలి తగలకుండా గాజుకప్పు మూసి,
సెక్‌స్టెంట్‌లో పై చుక్కనీ కింది చుక్కనీ
ఒకటి చేసేవాడు.
నేను లాంతరు పట్టేవాణ్ణి, ఊపిరి బిగబట్టి.

పదకొండో వారం, ఆస్ట్రేలియా నడుమ,
మా ఒంటె జర్గూన్ మోకాలు మడిచింది.
సీసా మూత ఊడి
దిగంతమంతా ఎర్రమట్టిలో పూసలై దొర్లిపోయింది.
దొర చేత్తో ఏరబోయాడు.
పాదరసం ఎవరి పిడికిలికి చిక్కింది గనక!

ఆ నేల మనిషి, అరబానా ముసలమ్మ,
తవ్వుకర్రతో ఇసుక తోడుతూనే ఉంది.
మోచేతి లోతున నీళ్లు.
తేటపడ్డాక అందులో ఒక చుక్క.
"కదలకండి" అన్నాడు దొర, సెక్‌స్టెంట్ ఎత్తి.

జర్గూన్‌కి ఇంగ్లీషు రాదు.
మెడ చాచి,
ఆ చుక్కతో సహా తాగేసింది.