నునుపు

మూడు రోజుల పందిపిల్ల. తోక కింద
పసుప్పచ్చగా ఎండి అట్టకట్టింది.
జియాగూడ నుంచి రాజేంద్రనగర్ దాకా
సిమెంటు సంచిలో, ఆటోలో తెచ్చింది సాయవ్వ.
"పాలు తప్ప ఏం దిన్నది సారూ?"

పేగు చీల్చాను.
వెనక నా వేలు కనపడేంత పలచన.
విరిగిన పాలు, నీళ్లు,
ఎక్కడా ఆగకుండా వచ్చినవి వచ్చినట్టే.

ఓ ముక్క నీళ్లలో పరిచి భూతద్దం కింద చూస్తే
నారుమడిలా ఒత్తుగా నిలవాల్సిన చూషకాలు
మొదలంటా కొరికేసినట్టున్నాయి.
అంత నునుపు మీద
పాలచుక్క దేన్ని పట్టుకుని ఆగుతుంది?

ఏ క్రిమి చేసిందో ఎల్లుండి కల్చర్ చెబుతుంది.
సాయవ్వ ఇప్పుడే చెప్పేసింది:
పదమూడు పిల్లలు, పన్నెండు చన్నులు,
మూసీ మీంచి చలిగాలి, తడి గచ్చు,
మొదటి రాత్రి ముర్రుపాలు దొరకనిది ఇదొక్కటే.
రిపోర్టులో కారణం గడి
ఒక్క మాటకే సరిపోతుంది.

"మరి మిగిలినయి?"
వెచ్చగా ఉంచు, గచ్చు ఆరనివ్వు,
ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పట్టు, అన్నాను.
తలూపి, ఖాళీ సంచి దులిపి
నాలుగు మడతలు పెట్టింది.
"రాత్రికి ఆటి కింద పరుస్త."

చేతి తొడుగు విప్పకుండానే
ఆ సంచి లాక్కున్నాను.