పేరు లేనిది

మైనస్ ముప్పై ఒకటి.
ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలులో
పాత సరుకు కంటైనరొకటి నా గరాజు.
పొద్దున్నే పానా ముట్టుకుంటే వేలితోలు దానికే అంటుకుపోతుంది,
అందుకే ముందు దాన్ని చంకలో పెట్టుకుని కాసేపు పొదుగుతాను.

బల్దోర్జ్ టాక్సీ, ప్రియస్.
జపాన్‌లో పదేళ్లు తిరిగి ఇక్కడికొచ్చింది.
మీట నొక్కగానే ఒక ఆడగొంతు
జపనీసులో మర్యాదగా ఏదో చెబుతుంది.
ఆరేళ్లుగా వింటున్నాడు, ముక్క అర్థం కాదు.
"తిడుతోందేమో," అంటాడు, "అయినా గొంతు బాగుంది."

వెనకసీటు చాటున బ్యాటరీలో ఇరవై ఎనిమిది పలకలు.
పంతొమ్మిదోది చచ్చింది.
దాని వంతు కూడా మోసి మోసి
మిగతావి డస్సిపోయాయి.
రాగిపట్టీల మీది పచ్చటి చిలుము
పళ్లు తోముకునే బ్రష్షుతో తోమాను,
పలక మార్చాను, బిగించాను.

ఇక చెరపడమే.

అన్నీ తుడిచెయ్యనా? అని అడుగుతుంది స్కానరు.
ఒక్క నొక్కు చాలు.
కానీ చదవకుండా చెరిపితే చెయ్యి విరుస్తాననేవాడు
నాకు పని నేర్పిన దమ్‌దిన్ ముసలాయన.
అందుకని పెన్సిల్ తీస్తాను
(ఈ చలికి పెన్నులో సిరా గడ్డకడుతుంది),
నోటుపుస్తకంలో ఎక్కిస్తాను:
పి, సున్నా, ఎ, ఎనభై.
లోపం దొరికిన క్షణాన్ని కారు ఎలా పట్టి దాచుకుందో అదీ:
వేగం నలభై మూడు.
ఎక్కడో రాసుకోదు. ఎవరెక్కారో రాసుకోదు.

బల్దోర్జ్ నా భుజం మీంచి తొంగిచూశాడు.
"నలభై మూడా? అయితే వంతెన ఎక్కేచోటు.
పోయిన నెల, అర్ధరాత్రి.
వెనక నొప్పులు పడుతున్న పిల్ల.
దీపం వెలిగిందని ఆగుతానా?"
"ఏం పుట్టింది?"
"దింపాను. డబ్బులు కూడా అడగలేదు. ఏం పుట్టిందో కూడా."
ఆ రాత్రి దీపం మీద అతికించిన నల్లటేపు
ఇంకా అక్కడే ఉంది.

నొక్కాను.

తెర ఒక్క క్షణం తెల్లబోయింది.
లోపాలు: లేవు.
దాని కిందే ఇంకో వరుస, ఎవరూ చదవనిది:
పరీక్షలు ఇంకా పూర్తికాలేదు.
బాగున్నానని కాదు కారు అంటున్నది,
నాకింకా తెలీదంటోంది.
రాత్రంతా చల్లారాలి, పొద్దున లేవాలి,
నలైఖ్ దాకా పోయి రావాలి,
ఎక్కాలి, దిగాలి, ఊరికే నిలబడాలి,
అప్పుడు గానీ తన గురించి తాను ఒక మాట చెప్పదు.

నా పేరు నేర్గుయ్.
మా భాషలో పేరు లేనిది అని.
నాకు ముందు ఇద్దరు పోయారు.
చావు జాబితా పట్టుకొని గుమ్మంలోకొస్తే
ఈ ఇంట్లో ఎవరూ లేరనుకొని పోవాలని
అమ్మ నన్నలా పిలిచింది.
పిలిచిందే గానీ, నమ్మిందా?
నాకు ఏడేళ్లు వచ్చేదాకా
రాత్రుళ్లు లేచి
ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదట.

బల్దోర్జ్ గోటితో టేపు లాగాడు.
కింద వెలుగు లేదు. జిగురుంది,
బొటనవేలంత మరక.
"మళ్లీ వెలిగితే?"
"తీసుకురా. టేపు మాత్రం వెయ్యకు."

ఆడగొంతు మర్యాదగా ఏదో చెప్పింది.
కారు చప్పుడు చెయ్యకుండా మంచులోకి జారింది.
మలుపు తిరిగేదాకా చూశాను.
అతని తల కాస్త వంగే ఉంది,
రోడ్డుకేసి కాదు,
ఆ మరకకేసి.