గాటు

ఎగ్మూరు మ్యూజియంలో
నాణేల గదికి తాళాలు రెండు.
ఒకటి నా దగ్గర, ఒకటి క్యూరేటరమ్మ దగ్గర.
ఆమె లీవు పెట్టిన రోజు చరిత్ర తెరుచుకోదు.

ఇవాళ తెరుచుకుంది.
ట్రే పదిహేడు. వెండి. బరువు మూడు పాయింటు ఎనిమిది.
ఒక పక్క శిరస్త్రాణం పెట్టుకున్న ఆడమనిషి,
ఇంకో పక్క గుర్రబ్బండి,
చక్రాల కింద పడి నలిగినట్టు ఒక పేరు:
సెక్స్టుస్ ఒఫీలియుస్.

రాజు కాదు, సేనాని కాదు.
రోములో ఒక్క ఏడాది టంకసాల చూసిన ముగ్గురిలో
మూడోవాడు.
తర్వాత ఏదో దీవిలో ధాన్యం లెక్కలు రాశాడు.
తర్వాత మురుక్కాలవలూ సంత తూకాలూ చూసే పదవికి నిలబడ్డాడు.
సీమసున్నం రుద్దిన తెల్లబట్ట చుట్టుకుని
కనపడ్డ ప్రతి చెయ్యీ పట్టుకుంటూ,
చెవిలో పేర్లు అందించే మనిషిని వెంటేసుకుని.
ఓడిపోయాడు.
పుస్తకంలో ఆ పైన ఏమీ లేదు.
చావు దగ్గర ప్రశ్నార్థకం.

మా పెదనాన్న వజ్రవేలు
వ్యాసర్పాడిలో ఒక్క టర్ము కౌన్సిలరు.
ఆయనదీ తెల్లబట్టే. గంజి పెద్దమ్మది.
చెవిలో పేర్లు అందించేది నేను, తొమ్మిదేళ్ళదాన్ని.
"ఈమె ఇడ్లీల కన్నెమ్మ, కొడుక్కి కాలు విరిగింది."
"కాలెట్లుందమ్మా ఇప్పుడు?" అనేవాడు
రాత్రంతా అదే తలుచుకుంటూ పడుకున్నట్టు.
ఒక వీధి తెలుగులో, ఒక వీధి తమిళంలో దండం.
నాలుగో వీధిలో చేతిపంపు వేయించి
సిమెంటు పలక మీద పేరు దిద్దించాడు.
రెండోసారి రెండువందల పన్నెండు ఓట్లతో పోయాడు.
ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు
గుమ్మంలో ఎవరు పిలిచినా
ముందు చొక్కా మార్చుకునేవాడు.

పంపు పీకేశారు. పలక ఇప్పుడు
ఎవరింటి ముందో కాలవ మీద మెట్టు.
చెప్పుల కింద వజ్రం అరిగిపోయి
వేలు మిగిలింది.

గుర్రాల మెడల మీదుగా నాణేనికో గాటు.
ఇక్కడే పడిందంటారు.
ఓడ దిగిన వెండిని నమ్మని షావుకారెవరో
లోపల రాగి ఉందేమోనని
పేరు చదవకుండానే ఉలి పెట్టాడు.
లోపలా వెండే.

రిజిస్టరులో 'స్థితి' అన్న గడి ఉంది.
'గాటు ఉంది' అని రాశాను.
'లోపలా వెండే' అనడానికి గడి లేదు.

ట్రే తోసేముందు, అలవాటు పోక,
పక్కన లేని చెవికి మెల్లిగా అందించాను:
"ఈయన ఒఫీలియుస్, పెదనాన్నా.
సంత తూకాలకి నిలబడి ఓడిపోయాడు."

"అయ్యో," అన్నాడు చొక్కా గుండీ పెట్టుకుంటూ,
"ఎన్ని ఓట్లతో?"