ఎన్ని వాయిదాలు?

వల్‌పరైసోలో రొట్టె కొన్నా అడుగుతారు,
"ఎన్ని వాయిదాలు?" అని.
కౌంటర్ వెనక పిల్ల తప్పేం లేదు,
వానొస్తోందా అన్నట్టే అడుగుతుంది.
నేను "ఆరు" అనేదాన్ని.
ఆ సాయంత్రమే తిని చేయి కడుక్కున్న రొట్టెకి
ఆరు నెలల ఆకలి మిగిలేది.

మొదట ఫ్రిజ్.
తర్వాత చెల్లెలి కంటి ఆపరేషన్.
ఆ తర్వాత మందుల షాపువాడు నవ్వుతూ చేతిలో పెట్టిన ఆకుపచ్చ కార్డు.
ఆకుపచ్చది తీర్చడానికి నీలం,
నీలం నోరు మూయించడానికి బ్యాంకువాళ్ళ బంగారు రంగుది.
ఒక గొయ్యి పూడ్చడానికి పక్కనే ఇంకో గొయ్యి.
మట్టికేం కొదవ?
మూడో ఏడు ఫ్రిజ్ చచ్చిపోయింది.
దాని వాయిదాలు మాత్రం గుండ్రాయిల్లా ఉన్నాయి.

లెక్క వేసేదాన్ని కాదు,
కూడితే నిజమైపోతుందని భయం.
కవర్లు విప్పకుండానే దిండు గలీబులో కుక్కేదాన్ని.
దాని మీదే తల పెట్టుకు పడుకున్నానంటే నమ్మండి,
ఎత్తు సరిపోయింది.

ఫోన్ ఉదయం ఎనిమిదింటికి.
"సెన్యోరా ఎడువిహెస్ గారేనా?"
లేత గొంతు. వాడి తల్లికి నా వయసే ఉంటుంది.
ఒకరోజు ఇస్త్రీ ఆవిరిలో నిలబడి చెప్పేశాను:
"ఆవిడ పోయింది బాబూ."
కాసేపు ఏం మాట్లాడలేదు.
నిజంగానే బాధపడ్డాడు.
తర్వాత, మెల్లగా,
"వారసులెవరైనా ఉన్నారా?" అన్నాడు.

మధ్యాహ్నం లాండ్రీలో హోటల్ దుప్పట్లు మడుస్తూ
నోల్‌బెర్తోకి జోకులా చెప్పాను.
అవతలి అంచు పట్టుకున్నవాడు నవ్వలేదు.
రెండడుగులు నా వైపు వేసి, మడత కలిపి,
"నేనూ వెళ్ళాను ఆ ఆఫీసుకి, నిరుడు" అన్నాడు.
పదకొండేళ్ళుగా ఎదురెదురుగా దుప్పట్లు మడిచాం.
ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నది ఒకటే.

గలీబుతో సహా వెళ్ళాను.
రెండో అంతస్తు, టోకెన్ యాభై మూడు.
గోళ్ళు కొరుక్కునే అమ్మాయి ఒక్కో కవరూ చింపింది,
చేపలు బాగుచేసినంత ఓపికగా,
అసలు ఒక పక్క, వడ్డీ ఒక పక్క.
వడ్డీ బల్ల అంచు దాటి జారుతోంది.
అసలు చిన్న కుప్ప.
చూడగానే ఏడుపొచ్చింది.
ఇంతదాని కోసమా ఇన్నాళ్ళూ నేను చచ్చిపోయింది?

ముగ్గురు అప్పులవాళ్ళూ మనుషుల్ని పంపారు.
దయ అనుకోకండి. గీచి గీచి బేరమాడారు,
రేవులో సార్డీన్ల దగ్గర ఇంతకన్నా మర్యాద ఉంటుంది.
చివరికి నలభై ఎనిమిది నెలలు.
పెరగడం ఆగింది.
నెత్తురు కారేచోట కట్టు పడింది.

నలభై ఎనిమిది నెలలంటే ఏమిటో చెప్తాను.
కొండెక్కే కేబుల్ బండి ముందు నుంచే పోయి మెట్లెక్కడం,
మూడొందల పన్నెండు.
చెల్లెలికి అక్కర్లేని పాత కళ్ళజోడే నాకు.
ఇరవై రెండో నెల బూటు అడుగు ఊడితే జిగురు.
ముప్పయ్యో నెల ఒక రాత్రి, ఎందుకో,
షాపు అద్దంలో ఎర్రకోటు చూస్తూ వానలో అరగంట.
కొనలేదు. కొనలేదన్న గర్వమూ లేదు.
కాళ్ళు తడిశాయి, అంతే.
చచ్చిన బంగారు కార్డుతో మాడిన గిన్నె అడుగు గోకేదాన్ని,
అది నాకు చేసిన మొదటి సాయం.

చివరి వాయిదా రోజు ఏమీ జరగలేదు.
కిటికీలో ఆయన ముద్ర కొట్టి, "తర్వాత" అని కేకేశాడు.
బయటికొచ్చి రొట్టె కొన్నాను.
"ఎన్ని వాయిదాలు?"
చిల్లర లెక్కపెట్టి పోశాను.
ఆ పిల్లకి విసుగు, నా వెనక వరుసకి విసుగు.
మెట్ల మీదే కూర్చుని సగం తినేశాను, వేడిగా ఉంది.

మర్నాడు ఎనిమిదింటికి ఫోన్.
కొత్త గొంతు, కొత్త కార్డు, మీ మంచి రికార్డు చూసి అంటూ...
"సెన్యోరా ఎడువిహెస్ గారేనా?"
"ఆవిడ పోయింది బాబూ."
"అయ్యో" అని పెట్టేశాడు.
వారసుల సంగతి అడగలేదు.