నాలుగు వందల పన్నెండో వరుస

హాలియాల పురుగుమందుల దుకాణం మీది గది.
కిటికీ తెరిస్తే మందు వాసన, మూస్తే ఉడుకు.
దిగిన కొత్తల ఇంటామె జానమ్మ అడిగింది:
"ఏం కొలువు బిడ్డా?"
కావలి, అన్న.
"దేనికి?"
ఒక ఫైలుకు.
"పందులొస్తయా?" అని నవ్వింది.

పందులు రావు. మనుషులొస్తరు.
పుణెల పదకొండు మంది, కొచ్చిల ఆరుగురు,
మనీలాల తొమ్మిది మంది,
క్రాకోల ఎంతమందో నాకూ సరిగ తెల్వదు.
ఒకల మొఖం ఒకలు చూసినోళ్ళు తక్వ.
అందరికి ఉమ్మడిది ఆ ఫైలొక్కటే,
ఎనిమిది వందల వరుసలు:
ఏ సర్వర్ ఏ తలుపు కొట్టాలె,
ఎంతసేపు ఆగాలె,
జవాబు రాకుంటే ఎన్నిసార్లు మళ్ళ అడగాలె.
ఈడ ఒక చుక్క జరిపితే
ఏడనో ఒక దుకాణం బందయితది.

మొన్న రాత్రి పదకొండున్నరకు మనీలా లేచింది.
ఒక్క టికెట్ కొన్నోళ్ళకు పైసలు మూడుసార్లు కోస్తున్నదట.
ఎవరు ముట్టిన్రు?
పుణె: మా మిషన్ల మంచిగనే నడుస్తుంది.
కొచ్చి: మా కాడ గూడ.
క్రాకో ఏమనలే. వాళ్ళెప్పుడూ ఏమనరు.

ఇంతల కరెంటు పొయ్యింది.
ఫోన్ నెట్ మీద, కిరాణా ఖాతా బుక్కు ఎనుకకు తిప్పినట్టు
ఒక్కొక్క మార్పు తిప్పుకుంట పోయిన,
దొంగ దొరకాలని, దొరికితే పేరు పెట్టి తిట్టాలని.

దొరికింది. నాలుగు వందల పన్నెండు.
ఒకటి ఉన్నకాడ మూడు.
మూడేండ్లు నిద్రపోయిన అంకెను
మధ్యాహ్నం పుణె కొత్త కోడు తట్టిలేపింది.
మార్చిన కారణం: తాత్కాలికం.
మార్చిన మనిషి: నేను.

యాదికొచ్చింది.
కాల్వకు గండి పడి పెద్దవూర రోడ్డు మునిగిన రాత్రి.
దాబా మీద నిలబడి, ఒక్క గీత సిగ్నల్‌కు ఫోన్ ఎత్తిపట్టి,
రేపు సరిచేస్త అనుకున్న.

పొద్దుగాల చాయ్ బండి కాడ లస్కర్ లింగస్వామి.
ఏడు తూములు, రెండూర్లు, ఒక సైకిల్ ఆయనది.
రాత్రి ఎవలన్న షట్టర్ తిప్పితే ఏం చేస్తవే, అన్న.
"తాళమేస్తే పలగ్గొడ్తరు.
అందుకే సుద్దముక్క పెట్టిన.
తిప్పు, గని గోడ మీద రాసిపో.
ఎన్ని చుట్లు, ఎందుకు."
రాయరానోళ్ళు?
"బొమ్మ గీస్తరు. బర్రె కొమ్ములుంటే ముత్తయ్య.
చేప ఉంటే... చెప్ప, వాని పేరు చెప్ప."

గదికి ఎక్కొచ్చి అందరికీ రాసిన:
412 నాదే. ఆ రాత్రి నెట్ ఆగకుండ ఉండాలని మూడు పెట్టిన.
తియ్యాల్సింది, మర్సిన.
ఇంగ్లీషుల రాస్తుంటే "మర్సిన" మాటకు చాలాసేపు చెయ్యి ఆడలే.

మొదలు జవాబు క్రాకో నుంచి.
తొంభై ఆరో వరుస నాది, అని ఒకామె. ఎందుకో గూడ రాసింది.
తర్వాత కొచ్చి, ఆరుగురిల ఇద్దరు.
మాపటికల్లా పదకొండు తాత్కాలికాలు బయటపడ్డయి.
పుణె ఒక్కటే ఒప్పుకోలే. వాళ్ళ తప్పేం లేదు గూడ.

ఒక్కటి మిగిలింది. రెండు వందల ముప్పై మూడు.
రాసినాయన కొలువు ఇడిచి నాలుగేండ్లు.
అక్కడ పదిహేడు ఎందుకుందో ఎవలకూ తెల్వదు.
పదహారు పెట్టి చూసినం, పడిపోయింది.
పద్దెనిమిది పెట్టినం, పడిపోయింది.

మళ్ళ పదిహేడే పెట్టి, పక్కన రాసిన:
కారణం తెల్వదు. ముట్టకున్రి.
తెలిసినోళ్ళు వస్తే, కింద జాగ ఉన్నది.